తలుపు పక్క బల్ల

ముప్పై లెక్కపెట్టే దాకా వేళ్ళు వదలకూడదు. కాగితం పూసలు చేయడంలో నియమమంటూ ఉంటే అదొక్కటే. మిగతాదంతా చిన్నపిల్లలకు ఒక పూటలో వచ్చేస్తుంది. ఒక కొస వెడల్పుగా, రెండో కొస సూదిమొనలా ఉండే రంగుకాగితం పట్టీని వెడల్పు వైపు నుంచి పుల్ల మీద చుట్టుకుంటూ పోవాలి. చివరి అంగుళం మిగిలినప్పుడు జిగురు రాసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని అలాగే ఉండాలి. ఆ ఉండటం దగ్గరే వస్తుంది తంటా అంతా. ముక్కు దురద పెడుతుంది. పక్కవాడు ఏదో అంటాడు. కిటికీ అవతల లారీ ఒకటి గుర్రుమంటూ పోతుంది. అటు చూసి వేళ్ళు సడలించారో, కొస నాలుకలా బయటికి వచ్చి చుట్టిందంతా విప్పుకుంటుంది.

ఈ పనిని ఆ బడిలోకి తెచ్చింది టీచరే. మొదట్లో అదొక ఆట. తర్వాత ఎప్పుడో పెద్దమేడమ్‌కు నచ్చి, పిల్లల్ని ఒకటో తరగతికి పంపే జాబితాలో దానికొక గడి పెట్టించింది. వారంలో పది పూసలు చేసిన పిల్ల కుదురుగా కూర్చోగలదని, చేయలేని పిల్ల ఇంకో ఏడాది ఇక్కడే ఉండాలని లెక్క. ఆ గడిలో టీచర్ ఏది రాస్తే అదే.

మంగళవారం నాటికి ఇరవై ఒక్కమంది పిల్లలు అయిదు పూసలు దాటారు. ఒక్క పిల్ల దగ్గర ఒక్కటి కూడా లేదు.

ఆ పిల్లకు బొంగరం అని పేరు పెట్టింది టీచరే. ఏడాది మొదట్లో ఒక్క పూటలో తొమ్మిదిసార్లు లేచి తిరిగితే, తక్కిన పిల్లల్ని చెడగొడుతుందని తీసుకొచ్చి తలుపు పక్కన ఒంటరి బల్ల వేసి కూర్చోబెట్టింది. తక్కినవాళ్ళకు ఏడుగురికొకటి చొప్పున మూడు పెద్ద బల్లలు. బొంగరానికి మాత్రం రాకపోకల గాలి, చెప్పుల వాసన, గోడకు ఆనించిన చీపురు.

"ఏం తల్లీ, ఈ రోజైనా ఉందా, లేక ఇదీ గాలికేనా?" అంటూ టీచర్ ఆ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

బొంగరం తల ఎత్తలేదు. ఎర్ర పట్టీని చుట్టి, కప్పులో వేలు ముంచి కొసకు రాసి, గట్టిగా పట్టుకుంది. గోళ్ళు తెల్లబడ్డాయి.

టీచర్ చేతులు కట్టుకుని పైకే లెక్కపెట్టింది. తరగతంతా కలిసి అందుకుంది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై.

"ఆఁ, వదులు."

పిల్ల వదిలింది. పూస ఒక్క క్షణం అలాగే ఉండి, నెమ్మదిగా విచ్చుకుని, బల్ల మీద ఎర్రటి రిబ్బను ముక్కలా పరుచుకుంది. మొదటి బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు.

"చూశారా? మధ్యలో వేళ్ళు సడలిస్తే ఇంతే," అంది టీచర్ తరగతితో.

"సడలించలేదు టీచర్."

"మళ్ళీ ఎదురు సమాధానం ఒకటి."

బొంగరం ఆ పట్టీని తీసి, మోకాలి మీద సాపు చేసి, గౌను జేబులో పెట్టుకుంది. చెత్తబుట్ట పక్కనే ఉంది. అందులో ఎందుకు వేయలేదో టీచర్ అడగలేదు.

అప్పుడే ఆయమ్మ పొద్దుటి గిన్నెలోని జిగురే రెండో విడత పొయ్యడానికి తెచ్చింది. పొద్దున్నే పొయ్యి మీద పిండి కలిపి ఉడికించే పని ఆవిడది. అంతకుముందు వారం జిగురు మిగిలిపోయి పులిసి, గదంతా కంపు కొట్టింది. ఆ మీదట టీచర్ ఆవిణ్ని అందరి ముందూ కడిగేసింది. ఒక్క గిన్నెకి మించి ఉడికిస్తే ఒప్పుకోనంది. ఆ రోజు నుంచి ఆయమ్మ టీచర్‌తో అవసరమైన దానికన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడటం లేదు. ఇప్పుడూ మూడు బల్లల కప్పులూ నింపి, తలుపు పక్క బల్ల వైపు గడ్డంతో చూపించి, "దీనికో?" అంది.

"చెప్పాగా, దానికి రోజూలాగే మిగిలిందేదో పొయ్. అదెలాగూ చేసేది లేదు, పెట్టేది లేదు."

ఆయమ్మ తలాడించి వంటగది వైపు వెళ్ళిపోయింది.

బుధవారం మధ్యాహ్నం, తక్కినవాళ్ళందరికీ పది పూర్తవగానే, టీచర్ జాబితా తీసుకుని పెద్దమేడమ్ గదికి వెళ్ళింది. ఇరవై ఒక్క గడుల్లో 'అవును' అని ఉంది. ఇరవై రెండో గడిలో 'చేయి నిలవదు. ఓపిక లేదు. ఇంకో ఏడాది ఇక్కడే ఉంచాలి' అని ఉంది.

పెద్దమేడమ్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. "ఒక్క పిల్లేనా? వాళ్ళమ్మ నోరున్న మనిషిలా ఉంది. గొడవ చేస్తుందేమో."

"చేయనివ్వండి. ఇరవై ఒక్కమంది చేశారు. ఇదొక్కతే చేయలేదు. అందులో నేను కల్పించేదేముంది?"

"మీరు బాగానే ఉన్నారు కదా? ఇంకొన్నాళ్ళు సెలవు కావాలంటే..."

"అక్కర్లేదండీ."

చెల్లెలు పోయి రెండు నెలలు. బడిలో ఎవరు పలకరించినా ఆ మాటే వస్తుంది. అందుకని ఎవరూ పలకరించే వీలు లేకుండా తిరగడం టీచర్‌కు అలవాటైపోయింది. కాగితం మీద తేదీ వేసి, బొంగరం ఇంటికి చీటీ రాసి, మడిచి, పిల్ల సంచిలో తనే పెట్టింది.

గురువారం చివరి గంటకు పది నిమిషాల ముందు బొంగరం తల్లి వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. బ్లౌజు అంచున రెండు సూదులు గుచ్చుకుని ఉన్నాయి. కుట్టుపని మధ్యలో లేచి వచ్చిందని చూడగానే తెలుస్తోంది. చేతిలో బిస్కెట్ల డబ్బా ఉంది.

"మా అమ్మాయికి ఓపిక లేదని రాశారంట కదా టీచర్‌గారూ. ఎంత లేదో చూపిద్దామని తెచ్చాను."

"తరగతి నడుస్తోందమ్మా. బయట ఉండండి, వస్తాను."

"బయట ఎందుకు, మా పిల్ల కూర్చునేది బయటే కదా సగం." ఆమె తలుపు పక్క బల్ల మీద డబ్బా బోర్లించింది.

కాగితం పట్టీలు. ఎర్రవి, పచ్చవి, నీలివి, అన్నీ సాపు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చినవి. ముప్పైకి తక్కువుండవు. ప్రతి దాని సన్నటి కొస దగ్గరా ఒక నల్లటి మచ్చ ఉంది, కోడిగుడ్డు ఆకారంలో. అక్కడ కాగితం రంగు పోయి, అరిగి, నున్నగా మెరుస్తోంది.

"ఇవేమిటో తెలుసా? వేలిముద్రలు. నేను గుడ్డ మీద సుద్దతో గీసినా ఇంత గట్టిగా పడదు. ఇంటికొచ్చాక వేళ్ళు నొప్పెడుతున్నాయని మంచినీళ్ళ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటోంది. ఎందుకే అంటే చెప్పదు. నిన్న మీ చీటీ చూశాక అడిగితే ఈ డబ్బా తెచ్చి చూపించింది."

"మీ పిల్లని మీరు వెనకేసుకురావడంలో తప్పేం లేదు. కానీ తక్కినవాళ్ళందరూ ఇవే కాగితాలతో చేశారు."

"ఇదే బల్ల దగ్గర కూర్చున్నారా?"

"ఎక్కడ కూర్చుంటే ఏముందమ్మా అందులో?"

"ఏమీ లేదా? అయితే మీరే కూర్చోండి. ఒక్కటంటే ఒక్కటి చేసి చూపించండి. నేనిక్కడే నిలబడతాను."

పిల్లలందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. బొంగరం మాత్రం పట్టీలను ఏరి మళ్ళీ డబ్బాలో సర్దుతోంది, రంగుల వారీగా.

"నాకిక్కడ పనుందమ్మా."

"నాకూ ఉంది. సగం కుట్టిన చొక్కా మిషను మీద వదిలేసి వచ్చాను, మా మేస్త్రి ఈపాటికి నన్ను తిడుతూ ఉంటాడు." ఆమె కూతురి సంచి భుజానికి తగిలించుకుంది. "చేయగలిగితే కబురు పెట్టండి, వచ్చి చేతులు జోడించి పోతాను. చేయలేకపోతే మాత్రం మీరే రావాలి మా దుకాణానికి."

పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దాటాక బొంగరం ఒక్కసారి వెనక్కి చూసింది, బల్ల వైపు.

గంట కొట్టాక గది ఖాళీ అయింది. టీచర్ కిటికీలు మూసింది. పుల్లలు లెక్కపెట్టి పెట్టెలో వేసింది. నల్లబల్ల తుడిచింది. చేయడానికి ఇంకేమీ మిగలక, తలుపు పక్క బల్ల ముందు నిలబడింది. కుర్చీ మరీ చిన్నది. కూర్చుంటే మోకాళ్ళు బల్ల అంచుకు తగిలాయి. తలుపు సందులోంచి వచ్చే గాలికి కాగితాలు కదులుతుంటే వాటి మీద మోచెయ్యి పెట్టాల్సి వచ్చింది. కూర్చుంటే తప్ప ఈ గాలి ఇంతుందని తెలియదు.

పచ్చ పట్టీ తీసుకుని చుట్టింది. కప్పులో వేలు ముంచి రాసి, పట్టుకుంది. లోపల లెక్కపెట్టుకుంది. ముప్పై. వదిలింది.

పూస విచ్చుకుంది.

తన వేలు తడిగా ఉందేమోనని చీరకొంగుకు తుడుచుకుని, ఇంకోటి చుట్టింది. ఈసారి జిగురు ఎక్కువ రాసింది. అరవై దాకా పట్టుకుంది. బొటనవేలి కీలు దగ్గర సన్నగా నొప్పి మొదలైంది. వదిలింది. విచ్చుకుంది. మూడోది వంద దాకా పట్టుకుంది. వదలడానికి భయం వేసింది. వదిలింది. కొస మెల్లగా లేచి, చుట్టలన్నీ ఒకదాని వెంట ఒకటి సడలి, బల్ల మీద పడుకుంది.

టీచర్ కప్పును చేతిలోకి తీసుకుని వెలుతురుకేసి వంచింది. తెల్లగానే ఉంది. వేళ్ళ మధ్య రుద్ది చూసింది. జారిపోయింది. సాగలేదు, అంటలేదు. లేచి వెళ్ళి మొదటి బల్ల మీది కప్పులో వేలు పెట్టింది. అడుగున మిగిలిన కాస్తా చిక్కగా వేలికి పట్టుకుని, తీస్తే తీగలా వచ్చింది. రెండు వేళ్ళూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంది. ఇన్నేళ్ళలో పిల్లల కప్పుల్లో తను వేలు పెట్టి చూడటం ఇదే మొదటిసారి.

కప్పులు కడగడానికి ఆయమ్మ వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఆయమ్మా, ఈ కప్పులో ఏం పోస్తున్నావ్?"

"మీరు పొయ్యమన్నదే."

"నేనేం పొయ్యమన్నాను?"

"మిగిలింది. గిన్నెడు జిగురు మూడు బల్లలకే బొటాబొటిగా సరిపోతోంది. నాలుగోదానికి ఎక్కణ్నుంచి తేను? గిన్నె కడిగిన నీళ్ళు పోస్తున్నాను."

"పోసేటప్పుడు నాకు చెప్పొద్దూ?"

"చెబితే వినేదెవరు? గిన్నె చాలదని మొదటి రోజే చెప్పబోయాను. నోరు మూసుకుని చెప్పింది చెయ్యమన్నారు. ఆ పిల్లనైతే పట్టించుకోవద్దని మీరే అంటిరి." ఆయమ్మ కప్పులు ఒకదాంట్లో ఒకటి దూర్చింది. "నేనూ మంచిపని చేశానని అనను. నా ఒళ్ళు మండి చేశాను. పసిదాని మీద పడుతుందని అనుకోలేదు. కానీ టీచరమ్మా, చెల్లెలు పోయిన దగ్గర్నుంచి మీరు మనిషిలా లేరు. ఎవరో ఒకరు అనాలి కదా ఆ మాట."

"ఆ కప్పు ఉంచు," అంది టీచర్.

"ఏది?"

"నీళ్ళది. రేపు కావాలి."

శుక్రవారం పొద్దున టీచర్ ఆ కప్పును పెద్దమేడమ్ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పింది. పెద్దమేడమ్ కప్పులోకి చూసి, చేత్తో ముట్టుకోకుండా, పేపర్‌వెయిట్‌తో కాస్త అవతలికి నెట్టింది.

"జాబితా నిన్నే పై ఆఫీసుకి వెళ్ళిపోయింది."

"వెనక్కి తెప్పించండి."

"అంత తేలికా? సరే, ఒక పని చేయండి. ఆయమ్మ నీళ్ళు కలిపిందని రాసివ్వండి. ఆవిణ్ని పిలిచి నాలుగు చీవాట్లు పెడతాను. పిల్లకి ఇంకో అవకాశం ఇచ్చినట్టూ ఉంటుంది, మన పరువూ ఉంటుంది."

"మిగిలింది పొయ్యమన్నది నేను."

"ఎవరు విన్నారు?"

"ఆయమ్మ విన్నది. ఆ పిల్లా విన్నది."

పెద్దమేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. "చూడండి టీచర్‌గారూ, మీ మనసేం బాగాలేదు. ఇలాంటప్పుడు ఏదో ఒకటి నెత్తినేసుకోవాలనిపిస్తుంది. అలా రాసిస్తే అది మీ ఫైల్లో ఉండిపోతుంది. వచ్చే ఏడాది పెద్ద తరగతి మీకిద్దామనుకున్నాం."

"కాగితం ఇవ్వండి."

నిలబడే రాసింది. పిల్లను వేరుగా కూర్చోబెట్టింది తనేనని, ఆ పిల్లకు మిగిలింది పొయ్యమన్నది తనేనని, చూడకుండా రాసింది కూడా తనేనని మూడు వాక్యాలు. నాలుగో వాక్యానికి కలం ఆగితే సంతకం పెట్టేసింది.

పెద్దమేడమ్ చదివి, సొరుగులో పడేసి, ఠక్కున మూసింది. "రేపు నేనే వచ్చి కూర్చుంటాను. నా కళ్ళ ముందు చేయమనండి. పది పూసలు. రేపు శనివారం, ఒంటిపూట బడి. ఆ లోపల అయితే అయినట్టు, లేకపోతే మీ మొదటి రాతే ఖాయం. తర్వాత నా పీకల మీదికి తేకండి."

మధ్యాహ్నం దుకాణం వెతుక్కుంటూ వెళ్ళింది టీచర్. ఇరుకైన మెట్లెక్కితే పొడుగాటి గది, వరసగా ఆరు మిషన్లు. బొంగరం తల్లి చివరి మిషను దగ్గరుంది. తలెత్తి చూసింది గానీ కాలు ఆపలేదు. చేతి కిందనుంచి తెల్లచొక్కా భుజం నెమ్మదిగా జరుగుతూ పోతోంది.

"చేయలేకపోయాను," అంది టీచర్, మిషను చప్పుడు మీదుగా. "జిగురులో నీళ్ళున్నాయి. నా తప్పే. రేపు మేడమ్ ముందు ఇంకోసారి చేయిస్తాం."

మిషను కుట్టు చివరిదాకా వెళ్ళింది. ఆమె దారం పంటితో తెంపింది.

"ఇంకోసారి చేయిస్తారా? మీ తప్పుకి మా పిల్ల పరీక్ష రాయాలా?"

టీచర్ మిషనుకు ఇంకో అడుగు దగ్గరగా జరిగింది. పక్క మిషను దగ్గరి ముసలాయన కళ్ళజోడు మీదుగా చూసి, "కూర్చోమనకపోతే పోనీ, పక్కకైనా జరగమను తల్లీ, వెలుతురుకి అడ్డం," అన్నాడు.

టీచర్ పక్కకు జరిగింది.

"నా పిల్ల తిరుగుతుంది. నాకూ తెలుసు," అంది తల్లి, ఇంకో భుజం మిషను కింద పెడుతూ. "పనిలో పడితే మాత్రం తిరగదు. ఏడాదంతా చూశారు కదా మీరు. ఏం చూశారు?" చక్రం తిప్పింది. "వస్తాను రేపు. మీకోసం కాదు."

శనివారం తలుపు పక్క బల్లను నలుగురు పిల్లలు తలా ఒక కోడు పట్టుకుని గది మధ్యకు జరిపారు. బొంగరం వచ్చి, బల్ల లేని ఖాళీలో ఒక్క నిమిషం నిలబడి, తర్వాత కొత్త చోటికి వెళ్ళి కూర్చుంది. ఆయమ్మ ముందుగా ఆ కప్పే నింపింది, అంచుదాకా. "నీకే ముందు," అని గొణిగి, టీచర్ ముఖం చూడకుండా తక్కిన బల్లల వైపు వెళ్ళింది. తల్లి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. ఆఖరి అరగంటకు పెద్దమేడమ్ వచ్చి, వాచీ విప్పి ఎదురుగా పెట్టుకుని కూర్చుంది.

బొంగరం నీలి పట్టీ తీసుకుంది. టీచర్ మొదటిసారి ఆ చేతుల వైపు చూసింది. ప్రతి చుట్టూ కింది చుట్టుకు సరిగ్గా నడిమధ్యన పడుతోంది, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా. విప్పుకున్నదాన్ని విప్పుకున్నట్టే మళ్ళీ చుట్టి చుట్టి వచ్చిన నేర్పు అది. తరగతిలో ఇంకెవరికీ అంత తిన్నగా రాదు. కొసకు జిగురు రాసి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. పెదాలు కదులుతున్నాయి.

ముప్పై అయింది. పిల్ల వదల్లేదు.

"చాలు తల్లీ, వదులు," అంది టీచర్.

వదల్లేదు. పక్క బల్లల దగ్గర పిల్లలు ఒకటి చేసి, రెండు చేసి, మూడోది మొదలుపెట్టారు. బొంగరం చెయ్యి కదల్లేదు. కిటికీ అవతల లారీ పోయింది. ఎవరిదో పుల్ల కింద పడి దొర్లుకుంటూ వచ్చి బల్ల కోడుకు తగిలి ఆగింది. పిల్ల చూపు వేళ్ళ మీదే ఉంది.

పెద్దమేడమ్ వాచీ చూసింది. కాసేపాగి మళ్ళీ చూసింది. గంటకు అయిదు నిమిషాలుందనగా కుర్చీ వెనక్కి జరిపింది.

"ఒక్కటి. అదీ ఇంకా చేతిలోనే ఉంది. పది అనుకున్నాం కదా?"

"అనుకున్నాం," అంది టీచర్. పై ఆఫీసుకి దిద్ది పంపాల్సిన జాబితా నకలు అందుకుని, తను రాసిన మూడు మాటల మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద 'ఒకటో తరగతికి పంపాలి' అని రాసి సంతకం చేసింది.

"పూసలు ఎన్నని వేయను?"

"ఒకటని వేయండి."

"ఒకటికే పంపితే రేపు ఇంకో తల్లి వస్తుంది."

"వస్తే నా దగ్గరికి పంపండి."

పెద్దమేడమ్ ఆ కాగితాన్ని ఒక్క క్షణం అటూ ఇటూ తిప్పింది. గుమ్మంలో నిలబడ్డ మనిషి వైపు, తర్వాత టీచర్ వైపు చూసింది. "మీ ఇష్టం. మీ చేతిరాతే ఉందిగా," అని, వాచీ పెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

గంట కొట్టారు. పిల్లలు సంచులు తగిలించుకుని బిలబిలా పోయారు. బొంగరం కూర్చునే ఉంది. గోళ్ళు తెల్లగా ఉన్నాయి.

టీచర్ వంగింది. "అంటుకుందమ్మా. ఇక వదిలెయ్. ఏం కాదు."

"అప్పుడు కూడా మీరు వదలమన్నారు టీచర్." పిల్ల గొంతులో కోపం లేదు, ఉన్న సంగతి చెప్పింది. "వదిలితే విప్పుకుంది. సడలించానని తిట్టారు."

టీచర్ తలుపు వైపు చూసింది. తల్లి అక్కడే, మెడలోని టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడి ఉంది.

టీచర్ పక్క బల్ల దగ్గరి చిన్న కుర్చీ లాక్కుని, మోకాళ్ళు గడ్డం దాకా వస్తుంటే సర్దుకుని, పిల్లకు ఎదురుగా కూర్చుంది.

"సరే. నీకెప్పుడు వదలాలనిపిస్తే అప్పుడే వదులు. నేను లేవను."

"తిట్టరుగా?"

"తిట్టను."

బొంగరం ఆ ముఖంలోకి చాలాసేపు చూసింది. నమ్మినట్టు లేదు. మళ్ళీ వేళ్ళ మీదికి తల దించుకుంది. దానికి ముప్పై దాకానే వచ్చు. అక్కడికి చేరాక పెదాలు ఒకసారి ఆగి, తిరిగి ఒకటి దగ్గర మొదలుపెట్టాయి.